నిజాం మండలి నుంచి కైరో రాయబారిగా: అలీ యావర్ జంగ్ కేసు

విజయవాడలో సివిల్స్, గ్రూప్-1 రాసేవాళ్లకు ఎథిక్స్ పేపర్ చెప్పడం నా పని. ఆ పేపర్లో సుమారు సగం మార్కులు కేస్ స్టడీలవే. గైడ్లలో దొరికే కేసులు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. మీరొక కలెక్టర్, ఇసుక లారీలు వదిలేయమని పైనుంచి ఫోన్ వచ్చింది, ఏం చేస్తారు? జవాబు ప్రశ్నలోనే కనిపిస్తూ ఉంటుంది. చట్టం ఏదో, జీతం ఇచ్చే ప్రభుత్వం ఏదో తెలుసు కాబట్టి పిల్లలు తడుముకోకుండా రాసేస్తారు. ఆ రెండే అనుమానంలో పడితే అధికారి ఎలా ఆలోచించాలి? అది చెప్పడానికి నేను వాడే కేసు నవాబ్ అలీ యావర్ జంగ్‌ది.

1947లో నిజాం తరఫున ఢిల్లీతో మాట్లాడిన బృందంలో ఆయన ఒకరు. అయిదేళ్లు తిరిగేసరికి అదే ఢిల్లీ ఆయన్ని రాయబారిగా పంపింది. ముందు బ్యూనస్ ఎయిర్స్, ఆ తర్వాత కైరో, బెల్‌గ్రేడ్, పారిస్, చివరికి వాషింగ్టన్. ఈ మాత్రం చెప్పగానే వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు "ఏ ఎండకా గొడుగు పట్టాడన్నమాట" అనేస్తారు. అక్కడే ఆపి కాగితాలు పంచుతాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఆయన్ని ఇవతలి ఒడ్డుకు చేర్చింది ఆయన తప్పుకున్న సమయం. గెలుపెవరిదో తేలకముందే కుర్చీ దిగారు. కానీ ఇవతలి ఒడ్డున ఆయనకు పీట వేసింది మాత్రం ఆ సమయం ఒక్కటే కాదు. ఆ రెండో భాగం చెప్పకుండా ఈ కేసు చెబితే పిల్లలకు తప్పుడు ధైర్యం ఇచ్చినట్టే.

బల్ల దగ్గర ఎవరెవరు

హైదరాబాద్ సంస్థానం అప్పట్లో దాదాపు 82 వేల చదరపు మైళ్లు. 1941 జనాభా లెక్కల్లో కోటీ అరవై లక్షల పైచిలుకు జనం, అందులో అత్యధికులు హిందువులు. ఇళ్లలో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ. కొలువులో నడిచేది ఉర్దూ. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోతే వాళ్ల పరమాధికారం కూడా పోతుంది, అప్పుడు నేను స్వతంత్ర రాజును అన్నది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ లెక్క. 1947 జూన్‌లో ఆ సంగతే ఫర్మానాగా వేశారు. ఏ రాజ్యాంగ సభకూ ప్రతినిధుల్ని పంపేది లేదన్నారు.

జూలైలో నిజాం బృందం మౌంట్‌బాటన్‌ను కలవడానికి ఢిల్లీ వెళ్లింది. ఆ బృందానికి పెద్ద చత్తారీ నవాబు, నిజాం మంత్రిమండలి అధ్యక్షుడు. ఈయన హైదరాబాదీ కాదు, సంయుక్త పరగణాల (ఇప్పటి ఉత్తరప్రదేశ్) జమీందారు, అక్కడ తాత్కాలిక గవర్నర్‌గా కూడా చేసినవాడు. పక్కన నిజాం న్యాయ సలహాదారు సర్ వాల్టర్ మాంక్టన్. ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకున్నప్పుడు ఆయనకు సలహాలిచ్చిన లాయరు ఈయనే. రాజుల్ని ఎలా దింపాలో తెలిసినవాణ్ని ఒక రాజును నిలబెట్టడానికి పెట్టుకున్నారన్నమాట. మూడో ముఖ్యుడు రాజ్యాంగ వ్యవహారాలు చూస్తున్న అలీ యావర్ జంగ్. తల్లి వైపు బిల్‌గ్రామీలు, అంటే సంస్థానంలో చదువులకూ పదవులకూ పేరున్న కుటుంబం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, ఉస్మానియాలో చరిత్ర చెప్పారు, 1945–46లో అక్కడే వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు. ఆ తర్వాతే మంత్రిమండలిలోకి వచ్చారు.

ఆగస్టు 15 దాటాక హైదరాబాద్‌కు ఇంకో రెండు నెలల గడువు దొరికింది. విలీనం కాకపోయినా ఏదో ఒక ఒప్పందం కుదుర్చుకోవాలన్నది ఈ బృందం దారి. ఊళ్లో, నిజాం రాజ్యం స్వతంత్రంగా ఉండాలనే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ పార్టీకి, దాని నాయకుడు ఖాసిం రజ్వీకి అది లొంగుబాటులా కనిపించింది. బృందం మీద విరుచుకుపడ్డారు. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రాకపోకలు పాత పద్ధతిలోనే ఒక ఏడాది నడిచేలా యథాతథ ఒప్పందం ముసాయిదా తయారైంది. మండలిలో ఆరుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. నిజాం సరేనన్నారు గానీ సంతకం రేపు, ఎల్లుండి అంటూ జరిపారు. అక్టోబర్ 27 తెల్లవారుజామున, బృందం ఢిల్లీకి బయల్దేరాల్సిన పూట, వేలమంది గుంపు చత్తారీ, మాంక్టన్, బృందంలోని మరో సభ్యుడు సర్ సుల్తాన్ అహ్మద్ ఇళ్లను చుట్టుముట్టింది. ప్రయాణం ఆగిపోయింది. చత్తారీ అధ్యక్ష పదవి వదిలి వెళ్లిపోయారు. అలీ యావర్ జంగ్ కూడా ఆ ఏడాది ముగియకముందే మండలికి రాజీనామా ఇచ్చి బయటికొచ్చారు. కొత్త బృందం వెళ్లి ఇంచుమించు అదే ఒప్పందం మీద నవంబర్ 29న సంతకం చేసొచ్చింది. ఇంత గొడవా చేసి చివరికి అదే కాగితం! చర్చలు నడిపినవాళ్లెవరికైనా ఈ చోటు చదువుతుంటే ఒళ్లు మండుతుంది.

నిర్ణయం తీసుకునే చోటు

క్లాసులో కథ ఇక్కడ ఆపుతాను. 1947 చివర్లో మీరు ఆ మండలి సభ్యుడు. 1948 సెప్టెంబర్‌లో ఏం జరగబోతోందో మీకు తెలీదు. ఐక్యరాజ్యసమితి జోక్యం చేసుకోవచ్చు, పాకిస్తాన్ మాట సాయం చేయొచ్చు, ఢిల్లీ కశ్మీర్‌లో తలమునకలై మిమ్మల్ని వదిలేయొచ్చు. మీ సలహా వినే నాథుడు లేడు. మీ రాజుకు మీ మీద కోపం లేదు, అలాగని ధైర్యమూ లేదు. ఏం చేస్తారు?

ఎక్కువమంది "లోపలే ఉండి నచ్చజెబుతాను" అని రాస్తారు. పరీక్షలకు అలవాటుపడిన జవాబు అది. లోపల ఉంటే ఎవరిని ఆపగలవో పేర్లు రాయమంటాను. రజ్వీనా? ఆయన మండలిలోనే లేడు, అయినా మండలిని ఆడిస్తున్నాడు. కొత్త ప్రధానిగా వచ్చిన మీర్ లాయక్ అలీనా? ఆయన పారిశ్రామికవేత్త, ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితికి వెళ్లిన పాకిస్తాన్ బృందంలో సభ్యుడు. ఒప్పందం సిరా ఆరకముందే ఆయన ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇవ్వబోయింది, అదీ భారత ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలో. సంస్థానంలో భారత కరెన్సీ చెల్లదని ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ ఫైళ్ల మీద మీ సంతకం కూడా పడుతుంది. మధ్యేమార్గం మనిషి లోపల ఉన్నాడన్న పేరు ప్రభుత్వానికి గౌరవం తెస్తుంది, ఆ మనిషికి మాత్రం తప్పులో వాటా మిగులుతుంది.

రెండో గుంపు "రాజీనామా చేసి ఇండియా వైపు మాట్లాడతాను" అంటుంది. హీరోయిజం. ఒక రాష్ట్రం తరఫున చర్చల్లో కూర్చున్నవాడికి ఆ రాష్ట్రం రహస్యాలు తెలుసు. వాటితో అవతలి గుమ్మం ఎక్కితే అవతలివాళ్లు వాడుకుంటారు, నమ్మరు. ఇది దౌత్యంలోనే కాదు, మన రాజకీయాల్లో కండువాలు మార్చినవాళ్ల గతి చూసినా తెలుస్తుంది.

ఒకసారి వెలగపూడి సచివాలయంలో పనిచేసే ఒక మేడమ్ ఈ చర్చను వేరే దారి పట్టించారు. 2014 విభజనలో ఆప్షన్ ఫారం నింపి, ఉద్యోగుల్ని రెండు రాష్ట్రాలకు పంచిన కమలనాథన్ కమిటీ జాబితాలో పేరు కోసం ఎదురుచూసి, 2016లో పిల్లల చదువులు హైదరాబాద్‌లో వదిలి ఇటు వచ్చినవాళ్లలో ఆవిడ ఒకరు. "రాజీనామా గురించి మాట్లాడాలంటే ఇంట్లో రెండో జీతమన్నా ఉండాలి సార్, లేదా తాతల ఆస్తన్నా ఉండాలి. నవాబుగారికి రెండోది ఉంది" అన్నారు. నవ్వారు అందరూ. కానీ ఈ కేసులో తేలిగ్గా దాటేసే విషయం అదే.

ఒక్కొక్కరి దారి

1948 సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. ప్రధాన దళం పడమర షోలాపూర్ నుంచి, ఇంకొకటి మన విజయవాడ నుంచి. కోదాడ, సూర్యాపేట మీదుగా ఈ తూర్పు దళం వెళ్లిన దారిలోనే ఇప్పుడు మనం బస్సుల్లో పడుకుని హైదరాబాద్ వెళ్తున్నాం. జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చే విద్యార్థులుంటే వాళ్ల తాతలు చెప్పిన లారీల కథలు, సంస్థానం నుంచి పారిపోయి వచ్చి తలదాచుకున్న కుటుంబాల కథలు క్లాసులోకి వస్తాయి. 17న నిజాం కాల్పులు ఆపించారు, 18న నిజాం సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు.

లాయక్ అలీ గృహనిర్బంధంలో పడి, 1950 మార్చిలో తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. నిజాం ప్రభుత్వం పంపిన మొయిన్ నవాజ్ జంగ్ యుద్ధం జరుగుతుండగానే పారిస్‌లో భద్రతా మండలి ముందు హైదరాబాద్ ఫిర్యాదు వినిపిస్తున్నారు. ఎదురుగా భారత్ తరఫున కూర్చున్నది సర్ ఆర్కాట్ రామస్వామి మొదలియార్, మైసూరు సంస్థానం దివాన్. సంస్థానాల నుంచి వచ్చిన ఇద్దరు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా! నిజాం సంగతి చూడండి, ఆయనే అందరికంటే హాయిగా దాటారు. 1950 జనవరి 26న రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధినేత అయ్యారు, 1956లో రాష్ట్రం పోయేదాకా ఉన్నారు. ఆయన కోసం రోడ్డెక్కినవాళ్లు మాత్రం జైళ్లకు పోయారు.

అలీ యావర్ జంగ్ మళ్లీ ఉస్మానియాకు వెళ్లారు, 1948 నుంచి 1952 దాకా వైస్ ఛాన్సలర్. రాయబారి ఉద్యోగాల మెరుపులో ఈ నాలుగేళ్లను అందరూ దాటేస్తారు. నాకైతే కేసు మధ్యలో ఉన్నది ఇదే. ఉన్నత విద్య అంతా ఉర్దూలో చెప్పాలని 1918లో మొదలైన విశ్వవిద్యాలయం అది. పాఠ్యపుస్తకాలు తర్జుమా చేయడానికి ప్రత్యేకంగా ఒక శాఖ నడిపింది. ఇప్పుడు అక్కడ బోధన ఉర్దూ నుంచి ఇంగ్లిష్‌కు మారాలి. పాఠం చెప్పే భాష మారితే ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్న లెక్చరర్ ఒక్క రోజులో కొత్తవాడైపోతాడు. ఆ మార్పును బయటినుంచి వచ్చినవాడు తెస్తే ఆక్రమణ అంటారు, లోపలివాడు తెస్తే కనీసం కూర్చుని వాదిస్తారు. కొత్త ప్రభుత్వానికి ఆయన పనికొచ్చింది ముందు ఇక్కడ.

ఈ మాట విజయవాడలో చెప్పేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పక తప్పదు. ఆ ఏళ్లలోనే మద్రాసు రాష్ట్రం నుంచీ ఇతర రాష్ట్రాల నుంచీ ఉద్యోగులు హైదరాబాద్‌కు తరలివెళ్లారు. అందులో మన కోస్తా వాళ్లూ ఉన్నారు. పాత కొలువులోని చిన్న ఉద్యోగులకు ఆ ప్రభుత్వం పోవడం అంటే జీతం పోవడం, తమ భాష చెల్లకపోవడం. 1952లో, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ ఉద్యమం లేచి, పోలీసు కాల్పుల్లో విద్యార్థులు చనిపోయేదాకా వెళ్లింది. అలీ యావర్ జంగ్ దాటిన ఏరునే ఒక గుమస్తా దాటలేకపోయాడు. ఇంటిపేరు, ఆక్స్‌ఫర్డ్, ఇంగ్లిష్, ఢిల్లీలో ముఖపరిచయాలు, ఇవేవీ గుమస్తాకు లేవు. కాబట్టి "సమయానికి తప్పుకుంటే చాలు" అని ఈ కేసు నుంచి తీర్మానించేవాళ్లకు నేను సగం మార్కులే వేస్తాను.

రాయబారిగా

మొదటి పోస్టింగ్ అర్జెంటీనా, 1952లో. 1948లో భద్రతా మండలిలో హైదరాబాద్ ఫిర్యాదును గట్టిగా వినాలన్న దేశాల్లో అర్జెంటీనా ఒకటి. ఆ దేశానికే హైదరాబాదీ నవాబును భారత జెండాతో పంపారు. కావాలని చేశారో, యాదృచ్ఛికమో, ఫలితం మాత్రం ఒకటే. ఆయన అక్కడ ఉండటమే ఒక జవాబు.

1954 నుంచి 1958 దాకా కైరో. ఈ భాగం కోసం క్లాసులో బోర్డు మీద తేదీలు వేస్తాను. 1956 జూలైలో నెహ్రూ, ఈజిప్టు అధ్యక్షుడు నాజర్, యుగోస్లావియా అధ్యక్షుడు టిటో యుగోస్లావియాలోని బ్రియోనిలో కలిశారు. అక్కడినుంచి నెహ్రూ నాజర్‌తో కలిసి కైరో వెళ్లి ఇంటికొచ్చారు. తర్వాత వారం గడిచిందో లేదో, జూలై 26న నాజర్ సూయెజ్ కాలువ కంపెనీని జాతీయం చేస్తున్నట్టు ప్రకటించారు. పక్కన కూర్చుని ప్రయాణం చేసిన నెహ్రూకు చెప్పలేదు. ఇప్పుడు కైరోలో భారత రాయబారి పరిస్థితి ఊహించుకోండి. తన ప్రధానికి స్నేహితుడైన అధ్యక్షుడు తన ప్రధానిని చీకట్లో పెట్టాడు. అయినా ఆ స్నేహం తెగకూడదు, మన ఎగుమతి దిగుమతులు ఆ కాలువ మీదే నడుస్తాయి. ఆగస్టులో లండన్ సమావేశానికి ఈజిప్టు రాలేదు. భారత్ వెళ్లింది, కృష్ణ మీనన్ వేరే ప్రణాళిక పెట్టారు. కాలువ మీద ఈజిప్టు హక్కు ఉంటుంది, వాడుకునే దేశాలు సలహాదారులుగా ఉంటాయి అన్నది దాని సారం. సోవియట్ యూనియన్, సిలోన్, ఇండోనేషియా దానికి మద్దతిచ్చాయి, పద్దెనిమిది దేశాలు కాలువ అంతర్జాతీయ అజమాయిషీలో ఉండాలన్న అమెరికా ప్రణాళిక వైపు వెళ్లాయి.

ప్రధాని మనిషిగా కృష్ణ మీనన్ విమానాల్లో తిరుగుతుంటే, ఊళ్లో ఉన్న రాయబారికి పనేమిటి? ఇన్‌సర్వీస్ అభ్యర్థులకు ఇది వెంటనే అర్థమవుతుంది. జిల్లాలో కలెక్టర్ ఉండగా ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి స్పెషల్ ఆఫీసర్ దిగితే ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. వచ్చినవాడు వెళ్లిపోతాడు, ఉన్నవాడు మర్నాడు మళ్లీ అదే గుమ్మంలోకి వెళ్లాలి. మెరిసే పని వచ్చినవాడిది, తలుపు మూసుకుపోకుండా చూసే పని ఉన్నవాడిది. ఆ సంక్షోభంలోనూ, అక్టోబర్ చివర్లో ఈజిప్టు మీద ఇజ్రాయెల్, బ్రిటన్, ఫ్రాన్స్ మొదలుపెట్టిన దాడి తర్వాతా, ఐక్యరాజ్యసమితి దళంలో భారత సైనికులు ఈజిప్టు గడ్డ మీద దిగినప్పుడూ కైరోలో తలుపు దగ్గర ఉన్నది ఈయనే.

ఒక ముచ్చట చెప్పి ముందుకెళ్తాను. 1947లో ఆయన పక్కన కూర్చున్న వాల్టర్ మాంక్టన్ 1956 నాటికి బ్రిటన్ రక్షణ మంత్రి. ఈజిప్టు మీద యుద్ధం ఆయనకు మింగుడుపడలేదు, అక్టోబర్‌లో ఆ శాఖ వదిలేశారు. అయినా మంత్రివర్గంలోంచి బయటికి రాలేదు, వేరే శాఖకు మారి అక్కడే కూర్చున్నారు. "లోపల ఉండి నచ్చజెబుతాను" అని రాసినవాళ్లకు ఈ ఉదాహరణ చూపిస్తాను. నచ్చజెప్పడం జరగలేదు, యుద్ధం జరిగింది.

కైరో పోస్టింగ్ గురించి గుంటూరు నుంచి వచ్చే ఒక విద్యార్థి నిలదీశాడు: "ముస్లిం దేశాలకు చూపించడానికి ఆయన్ని బొమ్మలా నిలబెట్టారు, అంతేగా సార్?" కొంత నిజం. 1948 గురించి పాకిస్తాన్ అరబ్ దేశాల్లో చెప్పేదానికి ఢిల్లీకి జవాబు కావాలి. కానీ బొమ్మ అయితే కైరోతో ఆగిపోయేది. బెల్‌గ్రేడ్‌కూ పారిస్‌కూ ఆ అవసరం లేదు. ఆయన పారిస్‌లో ఉండగానే, 1962 ఆగస్టులో, మన యానాంతో సహా ఫ్రెంచి వలసల బదిలీ ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చింది. కాగితాలు మార్చుకున్నది ఢిల్లీలోనే అనుకోండి. ఆ ఒప్పందం మీద సంతకం 1956లో పడితే ఫ్రాన్స్ ఆమోదానికి ఆరేళ్లు పట్టింది, ఈలోపు ఎవరూ తుపాకీ తీయలేదు. హైదరాబాద్‌కు దొరకనిది ఆ ఓపికే.

అలీగఢ్, ఆ తర్వాత

1965లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. అక్కడ చదివినవాళ్లకే పై చదువుల్లో ఉన్న 75 శాతం సీట్ల వాటాను 50కి తగ్గించడం మీద గొడవ రేగింది. ఏప్రిల్‌లో విద్యార్థుల గుంపు ఆయన మీద పడి తీవ్రంగా గాయపరిచింది. 1947లో గుంపు తన సహచరుల ఇళ్ల చుట్టూ తిరిగింది, ఈసారి తన మీదికే వచ్చింది. ఈసారి ఆయన కుర్చీ వదల్లేదు, 1968 దాకా ఉండి అక్కడినుంచి వాషింగ్టన్ వెళ్లారు.

1970లో మహారాష్ట్ర గవర్నర్ అయ్యారు. పదవిలో ఉండగానే 1976 డిసెంబర్‌లో బొంబాయిలో చనిపోయారు. మర్నాడు పద్మవిభూషణ్ ప్రకటించలేదు గానీ ఆ తర్వాతి నెలలోనే, 1977లో, ఇచ్చారు. ఈ తేదీలు బోర్డు మీద వేసి నేనేమీ అనను. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చిందని ఎవరో ఒకరు గుర్తుచేసేదాకా చూస్తాను. అప్పుడు రెండో ప్రశ్న ఇస్తాను: 1947లో సలహా వినని ప్రభుత్వం నుంచి తప్పుకున్న మనిషి 1975లో గవర్నర్ కుర్చీలో కొనసాగడాన్ని ఎలా చూస్తారు? గవర్నర్‌కు రాజ్యాంగంలో ఉన్న అధికారం ఎంత, మండలి సభ్యుడికి ఉన్నదెంత అన్నది ముందు తేల్చి, ఆ తర్వాతే తీర్పు రాయాలి. వయసు, ఆరోగ్యం లాంటి ఊహలు రాస్తే కొట్టేస్తాను.

ఈ కేసు వాడాలనుకునే తోటి టీచర్లకు రెండు మాటలు. కాగితాలు 1947 అక్టోబర్ దాకా ఒక విడత, మిగతావి రెండో విడత పంచండి. ముందే అంతా ఇచ్చేస్తే అందరూ జ్యోతిష్కులైపోతారు. క్లాసులో తెలంగాణ వాళ్లూ ఆంధ్రా వాళ్లూ కలిసి ఉంటే ముల్కీ భాగానికి ఎక్కువ టైమ్ పెట్టుకోండి, కేకలు పడతాయి. మధ్యలో టీ బ్రేక్ ఇవ్వకండి, ఆ వాదన కారిడార్‌లోకి పోతే రాతలోకి రాదు.